నగరం దీవిలో చేపల కార్తెలు

పి. గన్నవరం దగ్గర మొదలై సముద్రం వరకు వైనతేయ, వశిష్ఠ గోదావరుల నడుమ త్రికోణాకారంలో విస్తరించిన భూభాగాన్ని నేడు రాజోలు దీవి అని వ్యవహరిస్తున్నారు గాని, పందొమ్మిదవ శతాబ్దపు సర్కారు పత్రాల్లో దానికి నగరం దీవి అనే పేరు ఉండేది. ఇప్పుడు మామిడికుదురు మండలంలో ఒక గ్రామంగా ఉన్న నగరం ఆనాడు ఒక తాలూకాకే పేరిచ్చింది. ఈ దీవికి రెండు వైపులా నదీపాయలు, మూడవ వైపు బంగాళాఖాతం, లోపల పంట కాలువలు, మురుగు కాలువలు, బోదెలు, ఊరి చెరువులు, కొబ్బరి తోటల మధ్య గుంటలు ఉండటం వల్ల మంచినీటి చేప, ఉప్పునీటి చేప, ఆ రెంటి మధ్య రాకపోకలు సాగించే చేప కూడా కొద్ది మైళ్ల దూరంలోనే దొరుకుతాయి. వాటిలో ఏది ఏ కార్తెలో ఎక్కడ ఉంటుంది, దానిని ఎలా పడతారు, ఎప్పుడు పట్టకుండా విడిచిపెట్టాలి అనేవే ఈ ప్రసంగానికి విషయాలు.

చేపను వలతో కాక గాలంతో, కూటి కోసం కాక వినోదం కోసం పట్టడాన్ని ఒక క్రీడగా తీర్చిదిద్దిన దేశాల్లో ఇంగ్లండు ముందు వరుసలో నిలుస్తుంది. అక్కడ ఆ క్రీడకు కేంద్రమైనది ట్రౌట్ అనే చేప. సాల్మన్ కుటుంబానికి చెందిన ఈ చేప చల్లగా, తేటగా ఉండే నీటిలో తప్ప బతకదు. నీటి మీద వాలే పురుగులను పైకి వచ్చి అందుకోవడం దాని అలవాటు. గాలపు ముల్లుకు దారం, ఈకలు, వెంట్రుకలు చుట్టి ఆ పురుగును పోలిన బొమ్మను తయారుచేసి, నిజమైన పురుగే వాలిందని చేప భ్రమించేంత తేలికగా దానిని నీటి మీద వాల్చడంలోనే ఆ వేటగాని నేర్పంతా ఉంటుంది. 1822లో టెస్ట్ నది ఒడ్డున స్టాక్‌బ్రిడ్జ్ అనే ఊరిలో ఏర్పడిన హాటన్ ఫిషింగ్ క్లబ్ వంటి సంఘాలు ఈ వేటకు కట్టుబాట్లు ఏర్పరచాయి. ట్రౌట్ శీతకాలంలో గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది కనుక ఆ నెలల్లో గాలం వేయరు. సభ్యులు ఆ కాలంలో బొమ్మ పురుగులు చుట్టుకుంటారు, ఒడ్డున విరిగిన చోట్లు బాగుచేస్తారు, నీటికి అడ్డం వచ్చిన కొమ్మలు నరుకుతారు. వసంతంలో వేట తెరుచుకుంటుంది. మే చివరి రోజుల్లో మేఫ్లై అనే పురుగు నీటి నుంచి గుంపులుగా లేచినప్పుడు అది ముమ్మరమవుతుంది. శరత్తులో మళ్లీ మూతపడుతుంది. ఇటువంటి సంఘాల నియమావళిలో వేట మానవలసిన రోజులను గూర్చిన నియమాలకు ఉన్న విలువ వేట నియమాలకు ఉన్న విలువకు ఏమాత్రం తక్కువ కాదు.

వేసవిలో నీటి వేడి 30 డిగ్రీలు దాటే కోనసీమ కాలువల్లో ట్రౌట్ కొద్ది గంటలైనా బతకదు. దక్షిణ భారతంలో దానికి చోటు దొరికింది నీలగిరుల వంటి ఎత్తైన కొండల్లోనే, అదీ సులభంగా కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ చేపల శాస్త్రంలో దిట్ట అనిపించుకున్న ఫ్రాన్సిస్ డే 1863లో ట్రౌట్ గుడ్లను ఇంగ్లండు నుంచి తెప్పించే ప్రయత్నం చేసి విఫలుడయ్యాడు. మంచులో అమర్చిన గుడ్లు భూమధ్యరేఖ వేడిని తట్టుకుని చేరడం ఆ రోజుల్లో అరుదు. 1864లో టాస్మేనియాకు నార్ఫోక్ ఓడలో పంపిన గుడ్లు బతకడంతో ఆ మార్గం సాధ్యమేనని రుజువైంది గాని, నీలగిరుల్లో ట్రౌట్ నిలదొక్కుకోవడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. 1906 తరువాతి సంవత్సరాల్లో మద్రాసు ప్రభుత్వ మత్స్య నిపుణుడు హెచ్.సి. విల్సన్ ఆధ్వర్యంలో అవలాంచిలో గుడ్లు పొదిగించే కేంద్రం ఏర్పడిన తరువాత అక్కడి వాగుల్లో రెయిన్‌బో ట్రౌట్ పెరిగింది. విశేషమేమిటంటే, ఆ చేప ఇంకా నిలదొక్కుకోక ముందే దానికి చట్టం సిద్ధమైంది: నీలగిరుల వేట జంతువులు, చేపల రక్షణ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం 1879లోనే తెచ్చి, వేటకు అనుమతి పత్రమూ, వేట మానవలసిన రుతువూ నిర్ణయించే వీలు కల్పించింది. దేశమంతటికీ వర్తించిన భారత మత్స్య చట్టం వచ్చింది 1897లో. అది ప్రధానంగా నీటిలో విషం కలపడాన్నీ, మందుగుండు పేల్చి చేపలు చంపడాన్నీ నిషేధించింది. పరాయి దేశం నుంచి రాబోయే అతిథికి రుతువునే రాసిపెట్టిన ప్రభుత్వం, అనాదిగా గోదావరిని ఎక్కివస్తున్న చేపకు అంత శ్రద్ధ చూపలేదన్నది ఈ చరిత్రను చదివినవారికి తట్టక మానదు.

ఆ చేప పులస. పాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలను 1803లో ప్రచురించినప్పుడు స్థానికులు పిలిచే పేర్లతోనే వాటిని నమోదు చేశాడు. వాటిలో ఇదీ ఉంది. నేటి శాస్త్ర పరిభాషలో దీని పేరు తెన్యులోసా ఇలిషా, బెంగాలీలకు ఇది ఇలిష్. సముద్రంలో పట్టినదానిని ఇక్కడివారు విలస అంటారు, నదిలోకి ఎక్కినదే పులస. ట్రౌట్ జాతుల్లో కొన్ని సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదికి వస్తాయి. పులస జీవితమూ అటువంటిదే. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో గోదావరికి ఎర్రనీరు తగిలి, ఆ మంచినీరు మొగల దగ్గర సముద్రంలోకి తోసుకుపోయే వేళ, పులస గుంపులు వరదకు ఎదురీదుతూ అంతర్వేది వద్ద వశిష్ఠలోకి, ఓడలరేవు వద్ద వైనతేయలోకి, యానాం వైపు గౌతమిలోకి ప్రవేశిస్తాయి. ఎదురీదే ఆ రోజుల్లో అవి మేత దాదాపు మానివేసి, సముద్రంలో పట్టించుకున్న కొవ్వు మీదనే ఆధారపడతాయి. ఉప్పునీటి వాసన పోయి ఆ నూనె కండలో నిలిచిన దశలో దొరికే చేపకే రుచి అని తినేవారి మాట. పెద్ద ఆడచేప పది లక్షలకు పైబడిన గుడ్లు పెట్టగలదు. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి, అరచేతి పొడవున ఉండగానే సముద్రానికి తిరుగు ప్రయాణం కడతాయి.

ఆనకట్టకు ముందు ఈ ప్రయాణానికి అడ్డులేదు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నదిని అడ్డంగా మూసివేసింది. నగరం దీవికి అది మేలే చేసింది, ఎందుకంటే గన్నవరం వద్ద వైనతేయ మీద 49 కమానులతో కట్టిన అక్విడక్ట్, అంటే నదిపై నుంచి కాలువ నీటిని దాటించే వంతెన, ఆ ఆనకట్ట నీటినే దీవికి తెచ్చి మాగాణిని పండించింది. ఆ పాత వంతెన స్థానంలో నేడు పనిచేస్తున్న కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అయితే వరికి నీరిచ్చిన గోడే పులసకు దారి మూసింది. ఈ కీడును ముందుగా ప్రస్తావించినవారిలో కాటన్ కూడా ఉన్నాడు. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టల వల్ల చేపల సంపదకు నష్టం జరుగుతున్నదని 1867 ప్రాంతంలో ఆయన వెలిబుచ్చిన ఆందోళన ప్రభుత్వాన్ని కదిలించగా, విచారణ జరిపే పని, నీలగిరుల ట్రౌట్ కోసం తంటాలు పడిన ఆ ఫ్రాన్సిస్ డేకే దక్కింది. సాల్మన్, ట్రౌట్ వంటి చేపలు నీటి మెట్లు ఎగిరి దాటగలవు కనుక ఐరోపాలో ఆనకట్టలకు మెట్ల దారులు కడితే సరిపోయింది. పులసకు అలా దూకే స్వభావం లేదు, గోడ అడుగున గుంపుగా నిలిచి వలకు సులభంగా చిక్కుతుంది. కావేరిపై 1934లో మెట్టూరు డ్యాము పూర్తయిన తరువాత ఆ నదిలో ఈ చేప వేట దెబ్బతిన్నది. పొదిగించి పెంచే మార్గాన్నీ కొందరు వెతికారు: అవలాంచిలో ట్రౌట్‌ను పెంచిన విల్సనే 1909 నాటికి కొల్లిడం నదిపై ఇదే చేప గుడ్లను కృత్రిమంగా ఫలదీకరించే ప్రయోగాలు నడిపాడు. ట్రౌట్ విషయంలో ఆయన ప్రయత్నం ఫలించింది. పులస మాత్రం చేతిలోకి తీసుకోగానే ప్రాణం విడిచే సుకుమారి కావడం వల్ల ఈనాటికీ చెరువుల్లో వ్యాపార స్థాయిలో పెంచే చేప కాలేదు.

పులసను గాలంతో పట్టరు. అది నీటిలోని కంటికి ఆనని సూక్ష్మజీవులను వడగట్టి తినే చేప, పైగా వరదలో ఎదురీదేటప్పుడు మేతనే పట్టించుకోదు కనుక ఎర చూపి ప్రయోజనం లేదు. నదికి అడ్డంగా గోడలా నిలిచి, ప్రవాహంతో పాటు జారుతూ పోయే సన్నని వలలో మొప్పల దగ్గర ఇరుక్కుని చిక్కుతుంది. వరద ఉధృతిలో చిన్న పడవ మీద ఆ వలను చూసుకునే పని ఒక పూట వినోదం కాదు, ప్రాణాపాయం ఉన్న వృత్తి. ఆ నేర్పు గోదావరి మొగల దగ్గరి పల్లిపాలేల్లోని మత్స్యకార కుటుంబాలకు చెందినది. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలన్న సామెత భోజనప్రియుల నోట ఎంతగా నలిగిందో చెప్పనక్కరలేదు గాని, ఆ సామెతలో వల లాగే మనిషి కనిపించడు. ఒక్క చేప పలికే ధర పత్రికల్లో వార్త అవుతున్న ఈ రోజుల్లో బెంగాల్, ఒడిశా తీరాల నుంచి మంచుపెట్టెల్లో వచ్చే విలసనే పులసగా అమ్మడం కూడా మామూలైంది.

వినోదానికి గాలం వేసేవారికి నగరం పరిసరాల్లో వేరే చేపలున్నాయి, వారికి వేరే రుతువులున్నాయి. ఇంగ్లండు క్లబ్బు సభ్యుడికి ఉండే చందా, అనుమతి చీటీ ఇక్కడి కాలువ గట్టున ఉండవు. పంచాయతీ చెరువును మత్స్యకార సహకార సంఘమో, పాటదారో తీసుకున్నప్పుడు మాత్రం వారి అనుమతి లేనిదే గాలం వేయడం తగదు. గాలపు కర్ర వెదురుది. నీటిపై తేలుతూ చేప ఎర ముట్టగానే కదిలి కబురు చెప్పే బెండు జీలుగుది. ఎర వానపాము, పిండిముద్ద, రొయ్యపిల్ల, చిన్న కప్ప. దక్షిణ కన్నడ కలెక్టరుగా పనిచేసి భారతదేశపు గాలం వేట మీద 1873లో గ్రంథం రాసిన హెన్రీ సల్లివన్ థామస్, 1887లో చెరువుల్లో గాలం వేయడం గురించి ప్రత్యేకంగా మరొక పుస్తకం రాశాడు. కొండవాగుల్లోని మేలుజాతి చేపలనే గొప్పగా చూసే ఆంగ్లేయ వేటగాళ్లకు ఊరి చెరువు చేపల విలువను చాటి చెప్పిన పుస్తకంగా దానిని పరిగణించవచ్చు.

జూన్‌లో కాలువలకు నీరు వదలగానే బోదెల్లోకి, వరి మళ్లలోకి చేప పారుతుంది. ఆ రోజుల్లో కోనసీమ గాలగాని కన్ను కొర్రమీను మీద ఉంటుంది. నీటిలోని గాలినే కాక, పైకి వచ్చి నేరుగా గాలిని కూడా పీల్చుకోగల అమరిక దీనికి ఉంది, అందువల్ల గుర్రపుడెక్క కమ్మిన మురుగు కాలువలో కూడా బతుకుతుంది, ఆ పైకి వచ్చే క్షణంలోనే తన ఉనికి బయటపెడుతుంది. వానకాలంలో ఆడ, మగ కలిసి నాచులో చోటు శుభ్రం చేసుకుంటాయి, గుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు నారింజ రంగులో ముద్దగా గుమిగూడి నీటి పైతట్టున కదులుతుంటే తల్లిదండ్రులు అడుగున కాపలా కాస్తాయి. కొర్రమీనును పట్టడానికి అన్నింటికన్నా సులువైన ఉపాయం ఆ పిల్లల ముద్ద మధ్యకు కప్పను కట్టిన గాలం విసరడం. ఆకలి లేకపోయినా పిల్లలను కాపాడుకోవాలనే తెగింపుతో పెద్ద చేప దాని మీద విరుచుకుపడుతుంది. ఈ వేటను నేర్పు అని పొగడడం సరికాదు. కాపలా పోయిన పిల్లలను గంటలో జెల్లలు, నీటి పాములు, కొంగలు తుడిచివేస్తాయి, ఒక చేప కోసం ఒక కాన్పు మొత్తం పోతుంది. ట్రౌట్ క్లబ్బుల నుంచి కోనసీమ గాలం నేర్చుకోదగిన నియమం ఏదైనా ఉంటే, పిల్లల ముద్ద కనిపించిన చోట గాలం ఎత్తివేయడమే. కొర్రమీను తినాలన్న కోరిక తీరడానికి వానకాలం వెళ్లాక చాలినంత సమయం ఉంటుంది.

మట్టగిడస, గొరక, ఇంగిలాయి, మార్పు వంటి చిన్న చేపలు పిల్లల గాలాలకు ఏడాది పొడవునా చిక్కుతాయి గాని, ఇంగిలాయి మొప్ప దగ్గరి ముల్లు గుచ్చుకుంటే కలిగే బాధ ఒక్కసారి అనుభవించినవారు దానిని గాలం నుంచి తీసేటప్పుడు గుడ్డ వాడడం మరచిపోరు. నిజమైన బలపరీక్ష కోరుకునే గాలగానికి తగిన చేప నదీముఖాల్లోని పండుగప్ప. దాని ప్రయాణం పులస ప్రయాణానికి విరుద్ధమైనది: పండుగప్ప ఉప్పునీటిలో పుడుతుంది, పిల్లగా ఉన్నప్పుడు పోటుతో పాటు పాయల్లోకి, మురుగు కాలువల్లోకి ఎక్కి మంచినీటిలో పెరుగుతుంది, గుడ్లు పెట్టే ఈడుకు మళ్లీ సముద్రం వైపు దిగుతుంది, తొలి ఏళ్లలో మగగా ఉన్న చేపే వయసు ముదిరాక ఆడగా మారడం దీని మరో విచిత్రం. వైనతేయ పాయల్లో, పోటు తీసి పాటు మొదలయ్యే వేళ తూముల దగ్గర కొయ్యింగలను వేటాడుతూ ఇది కనిపిస్తుంది. ఈ చేపనే ఆస్ట్రేలియాలో బారముండి అంటారు; క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో దీని వేటను ఏటా నవంబరు మొదటి నుంచి ఫిబ్రవరి తొలినాళ్ల వరకు నిలిపివేస్తారు, నిర్ణీత పొడవుకు తగ్గినవాటిని నీటిలోకి వదిలేయాలి.

దసరా వెళ్లి తూర్పుగాలి తిరగగానే గౌతమి మొగ వైపు, యానాం పరిసరాల్లో చీరమీను దొరుకుతుంది. వేలి గోరంత కూడా లేని ఈ పిల్లచేపలను చీరల వంటి పలుచని గుడ్డలతో జల్లిస్తారు, కుంచాలతో కొలిచి అమ్ముతారు. ఇందులో వేర్వేరు జాతుల పిల్లలు కలిసి ఉంటాయి కనుక వచ్చే ఏటి పెద్ద చేపలనే ఈ ఏడు గుప్పిళ్లతో తినడం జరుగుతున్నదన్న విమర్శకు ఆస్కారం ఉంది. దాని రుచిని మెచ్చుకునేవారు ఆ మాట వినడానికి ఇష్టపడరు. చలికాలంలో నీరు తేరి, మురుగు కాలువల్లో వేగం తగ్గినప్పుడు శీలావతి, బొచ్చె, వాలుగ గాలాలకు వస్తాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేసినప్పుడు వేటకు నేర్పే అవసరం ఉండదు: నీరు మడుగులుగా మిగిలిన చోట ఊతలతో, చేతులతో కూడా చేపలు పట్టేస్తారు. ఆ మడుగుల్లో అయిదారు లోతైన వాటిని ముట్టకుండా వదిలితే, జూన్ నీటికి విత్తనంగా నిలిచేది ఆ చేపే.

ఇక చట్టం రాసిన రుతువు సంగతి. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో మరపడవల వేటను నిలిపివేస్తున్నారు; 2015కు ముందు ఈ గడువు 47 రోజులే. ఇది అనేక సముద్రజాతులకు మేలు చేసే నియమం. పులసకు మాత్రం దీనివల్ల దక్కేది సగం రక్షణే, ఎందుకంటే గుడ్లతో నిండిన చేప మొగల వద్ద గుమిగూడి నదిలోకి ఎక్కేది నిషేధం ముగిసిన తరువాతనే, అప్పటికి పడవలు మళ్లీ నీటిలో ఉంటాయి. ఇదే చేపను ప్రాణప్రదంగా చూసుకునే బంగ్లాదేశ్ రుతువును వేరే విధంగా లెక్కించింది. గుడ్లు పెట్టే కాలమైన అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేటను పూర్తిగా ఆపింది. 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను పట్టడం నవంబరు నుంచి జూన్ వరకు నేరం చేసింది. ఆ కట్టడి వల్ల పూట గడవని మత్స్యకార కుటుంబాలకు నాలుగు నెలల పాటు నెలకు 40 కిలోల బియ్యం ఇచ్చింది. 2002–03లో సుమారు 2 లక్షల టన్నులుగా ఉన్న అక్కడి ఇలిష్ దిగుబడి 2017–18 నాటికి 5 లక్షల టన్నులు దాటింది. పశ్చిమ బెంగాల్ కూడా 23 సెంటీమీటర్ల లోపు పిల్లలను పట్టడం, అమ్మడం నిషేధించింది.

గోదావరి విషయంలో ఆనకట్టను తొలగించడం ఎవరూ కోరరు, ఆ నీటి మీదనే నగరం దీవి అన్నం తింటున్నది. చేయగలిగింది కాలాన్ని సరిచూసుకోవడం. శ్రావణ భాద్రపదాల్లో పులస ఎక్కే రోజుల్లో కొన్నింటిని నది అంతటా వల లేని రోజులుగా మత్స్యశాఖ, మత్స్యకార సంఘాలు కలిసి నిర్ణయించాలి, ఆ రోజుల కూలి వల వేసేవారికి ముందుగానే అందాలి. భృతి లేని నిషేధం రాత్రి వేటకు దారితీస్తుందే తప్ప చేపను కాపాడదు. కొనేవారి వంతు ఇంకా సులువు. మాఘ ఫాల్గుణాల్లో బజారులో అరచేతి పొడవున కనిపించే వెండిరంగు పిల్లచేపను విలసగా గుర్తుపట్టిన శ్రోతలు, బేరం చౌకగా కుదిరినా, దానిని కొనకుండా వెనుదిరగాలని మనవి.